తాంబూలం విప్పని దాసుగారు

మొన్న పెళ్ళిళ్ళకి వీడియో తీసే ఒకాయన నా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. ముహూర్తాలు లేని రోజులు కాబట్టి తీరిగ్గా కూర్చున్నాడు. కాఫీ తాగాడు. లోకంలో ఉన్న కబుర్లన్నీ అయ్యాక అసలు సంగతి అడిగాడు. తనకి జీతమిచ్చేవాడు ఎవడూ లేడట, ఎవరు పిలిస్తే వాళ్ళింటికెళ్ళి తీసొస్తాడట, అలాంటివాడు కూడా ఇన్‌కంటాక్సు రిటర్ను వెయ్యాలా అని.

వెయ్యాలో అక్కర్లేదో చెప్పడమే నా వృత్తి. రాజమండ్రి మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు పైన, ఈ మేడగదిలో ఏళ్ళ తరబడి అదే చెబుతున్నాను. మా వాళ్ళందరూ కొట్లు పెట్టుకుని పన్నులు కడుతుంటే, నేనొక్కణ్ణీ వాళ్ళ పన్నుల కాగితాలు రాసుకుని బతుకుతున్నాను. అతనికీ చెప్పాను. జీతమైనా, సొంత చేతుల మీద సంపాదించుకున్నదైనా గవర్నమెంటుకి ఒకటే. ఖర్చులు పోను మిగిలింది వాళ్ళు పెట్టిన హద్దు దాటితే వెయ్యాలి, దాటకపోతే అక్కర్లేదు. అతను సంతోషంగానే వెళ్ళాడు. నాకే ఆ పూట పని సాగలేదు. ఇదే గదిలో నిలబడి ఇదే ప్రశ్న అడిగిన మనిషి గుర్తొచ్చారు. ఆయన ఇప్పుడు లేరు. నిలబడి అని ఎందుకంటున్నానంటే, దాసుగారు కూర్చుని మాట్లాడలేరు.

హరికథలు చెప్పేవారు. ఆయనకీ ఒక పేరుండే ఉంటుంది గానీ, కోనసీమ నుంచి నరసాపురం దాకా అందరికీ ఆయన దాసుగారే. కుర్చీ చూపిస్తే, కూర్చుంటే గొంతు పొట్టలోకి జారిపోతుంది బాబూ అనేవారు. కుడికాలు ఓ అడుగు ముందుకేసి, కండువా సర్దుకుని, చక్కెర ధర గురించైనా సరే రాగం తీస్తున్నట్టే మొదలుపెట్టేవారు. మాట ముగిసినప్పుడల్లా కుడిపక్కకి తిరిగి చూసేవారు. అక్కడ మృదంగం వాయించేవాడు ఉండి ముక్తాయింపు ఇస్తాడని ఆయన అలవాటు. నా గదిలో ఆ పక్కన ఇనప బీరువా ఉండేది. ఆయన మాట్లాడినంతసేపూ నేను ప్లీడరుగా కాక బీరువాకి గుమాస్తాలా కూర్చునేవాణ్ణి. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. పోనుపోను ఆయన రాకపోతేనే తోచేది కాదు.

ఆయన సంగతి తెలియాలంటే ముందు చదివింపుల సంగతి తెలియాలి. కథ అయిపోయి మంగళహారతి పాడేవేళకి ఊరి పెద్దలు మైకు దగ్గరికి చేరేవారు. ఫలానావారు దాసుగారికి వెయ్యినూటపదహార్లు చదివిస్తున్నారని ఒకాయన గొంతు చించుకుని చెప్పేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. దాసుగారు వాళ్ళ వంశాన్ని దీవిస్తూ అప్పటికప్పుడు పద్యం అల్లి పాడేవారు. ఆ తరవాత పెద్దలు తాంబూలం ఆయన చేతిలో పెట్టేవారు. ఆకుల కింద ఉండే నోట్లు మైకులో చదివినన్ని ఉండవు. మూడోవంతు ఉంటే ఆ ఊరివాళ్ళు మంచివాళ్ళని లెక్క. దీన్ని మోసం అనుకున్నవాళ్ళు ఎవరూ లేరు. మైకులో చదివేది పరువు కోసం, ఆకుల కింద పెట్టేది వీలుని బట్టి.

దాసుగారు ఆ తాంబూలం విప్పేవారు కాదు. కండువా కొంగున మూటగట్టుకుని, బస్సెక్కి ఇంటికొచ్చి, భార్య చేతిలో పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లో బావి దగ్గరికి వెళ్ళిపోయేవారు. ఆయన తిరిగొచ్చేలోగా ఆవిడ నోట్లు తీసి దాచెయ్యాలి. ఎంతో చెప్పకూడదు. పెళ్ళయిన కొత్తలో పెట్టిన నియమం అట. ఎందుకండీ ఇలా అని నేనొకసారి అడిగాను.

"ఎంతిచ్చారో తెలిస్తే, మళ్ళీ ఏడు ఆ ఊళ్ళో దీవెన నోటికి రాదు బాబూ," అన్నారు.

అందుకని ఆయనకి తెలిసిన ఆదాయం మైకులో చదివినదొక్కటే. పక్క ఊరివాళ్ళు బేరానికొచ్చి ఎంత తీసుకుంటారండీ అంటే, ఆ అంకే చెప్పేవారు. అబద్ధమాడుతున్నానని ఆయనకి తెలియనే తెలియదు. ఆకుల కింద వచ్చినదాని మీద ఇల్లెలా గడుస్తోందో ఆవిడకే తెలుసు. ఊరేగింపుల్లో వేసిన దండలు తెచ్చి వసారాలో మేకులకి తగిలించేవారాయన. ఎండి రాలిపోయేదాకా తియ్యనిచ్చేవారు కాదు. ఆ దండల కింద కూర్చుని ఆవిడ బియ్యంలో నూకలు ఏరుకునేది.

ఒక రైసుమిల్లు యజమాని తన మిల్లు పూజకి దాసుగారి కథ పెట్టించాడు. చదివించిన అంకెకి ఓచరు రాయించి, దాసుగారి చేత సంతకం పెట్టించి, మిల్లు ఖర్చుల్లో వేసుకున్నాడు. సంతకమంటే దాసుగారికి సరదా. బిరుదులన్నీ రాసి, కింద పెద్ద గీత గీసేవారు. పైన ఏముందో చూసేవారు కాదు. ఇన్‌కంటాక్సు ఆఫీసరు మిల్లు లెక్కలు చూస్తూ ఈ దాసుగారెవరని ఆరా తీశాడు. ఉత్సవాలయ్యాక కమిటీలవాళ్ళు జమాఖర్చులు అచ్చేయించి ఊళ్ళో పంచిపెడతారు కదా, ఆ కరపత్రాలు తెప్పించాడు. అన్నిటిలోనూ దాసుగారే. అన్నిటిలోనూ మైకులో చదివిన అంకెలే. ఇంత ఆదాయం ఉండి ఇన్నేళ్ళుగా రిటర్నెందుకు వెయ్యలేదని నోటీసు వచ్చింది.

ఆ నోటీసు పట్టుకుని ఆయన నా గదిలో నిలబడ్డారు.

"నేను జీతగాణ్ణి కాను, వర్తకుణ్ణీ కాను. దేవుడి కథ చెప్పుకునేవాణ్ణి. నాకిచ్చేది సంభావన. దానికి కూడా రిటర్నేంటి బాబూ?" అని బీరువా వంక చూశారు.

"వెయ్యాలండి. మీ గొంతే మీ కొట్టు," అన్నాను. ముందూ వెనకా చూసుకోకుండా మాట్లాడ్డం నాకు పుట్టుకతో వచ్చింది. ఆయనకి మాత్రం ఆ మాట తెగ నచ్చింది. నా చేత రెండుసార్లు అనిపించుకున్నారు.

ఏడాదికి ఎంతొస్తుందని అడిగాను. ఊరూరి చదివింపులూ వేళ్ళ మీద చెబుతూ పోయారు. చెబుతున్నకొద్దీ ఆయన మొహం వెలుగుతోంది, నాకు చెమటలు పడుతున్నాయి. అదంతా నిజమైతే పన్నూ, వడ్డీ, జరిమానా కలిసి ఆయన ఇంటిని మింగేస్తాయి. గోదావరి గట్టుకి దగ్గర్లో చిన్న పెంకుటిల్లు, వెనక దొడ్డి, అందులో బావి. అంతకు మించి ఆయనకి గజం నేల లేదు. ఆ మాటే చెప్పాను. ఆయన కుడికాలు మెల్లగా వెనక్కి తీసుకున్నారు.

మర్నాడు ఆవిడ ఒక్కతే వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, తాంబూలాల్లో ఏముండేదో చెప్పింది. ఇల్లు పోతే చెట్టు కింద కూర్చోవాలి బాబూ అంది. చెప్పిందంతా చెప్పి, ఈయనకి మాత్రం తెలియనివ్వకండి అని రెండు చేతులూ జోడించింది. ఇల్లు నిలవాలి, ఆయనకి తెలియకూడదు. ఈ రెండూ ఒక్క చేత్తో ఎలా పట్టుకోవాలో నాకు పాలుపోలేదు.

ఆఫీసరు కొత్తగా వచ్చినాయన, నిదానస్థుడు. ఇచ్చినవాళ్ళు నిజంగా ఎంతిచ్చారో రాసిస్తే ఒప్పుకుంటానన్నాడు. సరేనని బయల్దేరాను. దాసుగారు తనూ వస్తానన్నారు. తన గొప్పతనం గురించి పెద్దవాళ్ళ దగ్గర ఉత్తరాలు తెస్తున్నామని ఆయన అనుకున్నారు. పట్టుపంచె కట్టుకుని బస్సెక్కారు.

మొగల్తూరు దగ్గర ఒక మోతుబరి ఇంటికి వెళ్ళాం. వరిచేలు, కొబ్బరితోటలు కనుచూపుమేర ఆయనవే. దాసుగార్ని చూడగానే, ఆయ్, రండి రండి అని ఎదురొచ్చాడు. కొబ్బరిబొండాలు కొట్టించాడు. దాసుగారు వాళ్ళ అమ్మగారి ముందు అరుగు మీద నిలబడి కథ ఎత్తుకున్నారు. నేను మోతుబరిని పక్కకి తీసుకెళ్ళి సంగతి చెప్పాను. పంట మీద వచ్చేదానికి ఇన్‌కంటాక్సు లేదు కాబట్టి ఆయన జన్మలో ఆ ఆఫీసు గడప తొక్కలేదు. ఇన్ని ఎకరాలున్న నాకు లేని పన్ను పాటగాడికెలా వచ్చిందండీ అని నిజంగానే బాధపడ్డాడు. కాగితం రాసివ్వమనేసరికి మొహం మాడ్చుకున్నాడు.

"ఊరందరి ముందు మైకులో చదివించానండి. అంత ఇవ్వలేదని నా చేత్తో రాసిస్తే ఊళ్ళో తలెత్తుకు తిరగ్గలనా? ఇంకేదైనా అడగండి, చేస్తాను. కావాలంటే వచ్చే నెల మళ్ళీ కథ పెట్టిద్దాం," అన్నాడు.

అరుగు మీద నుంచి దాసుగారి గొంతు వినిపిస్తోంది. ఆ ముసలమ్మగారు కళ్ళొత్తుకుంటోంది. ఆయన్ని అక్కడినుంచి లాక్కురావడానికి నాకు తాతలు దిగొచ్చారు. తరవాత కాళ్ళరిగేలా తిరిగాం. ఎక్కడికెళ్ళినా అదే మర్యాద, అదే జవాబు. ఒక్కళ్ళు కూడా ఒక్క ముక్క రాసివ్వలేదు. తిరుగు బస్సులో దాసుగారు, ఎంత ప్రేమో చూశారా బాబూ అన్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఇక దారి ఒక్కటే మిగిలింది. ఆవిడ ఆఫీసరు ముందు ప్రమాణం చేసి చెప్పాలి. ఆవిడకి కబురు పెడితే, ఇల్లు నిలబడుతుందా అని మాత్రమే అడిగింది. నిలబడుతుందన్నాను.

ఆ రోజు దాసుగార్ని ఇన్‌కంటాక్సు ఆఫీసు వరండాలోనే ఉంచాలని నేను నానా తంటాలూ పడ్డాను. నా ఆదాయం గురించి మాట్లాడుకుంటుంటే నేను బయటెందుకుంటానండీ అని ఆయన లోపలికి వచ్చేశారు. ఎప్పట్లాగే గోడపక్కన నిలబడ్డారు. ఆఫీసరు ఆవిణ్ణి కూర్చోమని, మంచినీళ్ళు తెప్పించి, మెత్తగా అడిగాడు. రైసుమిల్లు వాళ్ళ తాంబూలంలో ఎంతుందమ్మా అని.

ఆవిడ తలెత్తలేదు. మూడొందలండి అంది.

దాసుగారు నవ్వారు. "కాదు కాదు, సరిగ్గా గుర్తు తెచ్చుకో. వెయ్యినూటపదహార్లు. నేను పద్యం కూడా పాడాను," అన్నారు.

ఆవిడ ఆగలేదు. ఆగితే ఇంక చెప్పలేనని ఆవిడకి తెలుసు కాబోలు. ఆఫీసరు ఒక్కో ఊరి పేరూ చదువుతున్నాడు, ఆవిడ ఒక్కో తాంబూలమూ విప్పుతోంది. దాసుగారు మొదట దిద్దబోయారు. తరవాత నా వంక చూశారు. తరవాత ఎవరి వంకా చూడలేదు. మొగల్తూరు పేరొచ్చేసరికి గోడ పట్టుకుని నడిచొచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నారు. ఆయన కూర్చోవడం నేను చూడ్డం అదే మొదలు. 

ఖర్చులు పోను ఆయన ఆదాయం హద్దుకి ఎక్కడో కిందనే ఉందని తేలింది. పన్ను లేదు, రిటర్నూ అక్కర్లేదు అని ఆఫీసరు ఫైలు మూసేశాడు. ఇల్లు నిలబడింది. మెట్లు దిగుతూ దాసుగారు భార్యని ఒక్కటే అడిగారు.

"మొగల్తూరు వాళ్ళు కూడానా?"

ఆవిడ పమిట నోట్లో కుక్కుకుంది. నాకు ఫీజు ఇవ్వబోతే కసురుకుని పంపించేశాను.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. దాసుగారికి ఇచ్చింది మూడొందలే అని తేలాక, మిల్లు లెక్కల్లో ఓచరు దొంగదైంది. మిల్లు యజమానికి పన్ను పెరిగింది, జరిమానా పడింది. ఆయన ఊరుకోలేదు. దాసుగార్ని పిలిస్తే ఇన్‌కంటాక్సు వాళ్ళని పిల్చుకున్నట్టే అని కనబడినవాళ్ళందరికీ చెప్పాడు. కమిటీలవాళ్ళకి ఆ మాట చాలు. కార్తీకమాసం వెళ్ళిపోయింది, దాసుగారికి పిలుపు రాలేదు. శివరాత్రికి రాలేదు. శ్రీరామనవమి పందిళ్ళలో ఏటా ఆయన గజ్జెలు మోగే చోట టేపురికార్డరు పెట్టారు. వసారాలో దండలన్నీ రాలిపోయి మేకులు మిగిలాయి. ఇద్దరూ ఒంటిపూట తింటున్నారని చుట్టుపక్కలవాళ్ళు చెబితే నాకు తెలిసింది.

ఆ వేసవిలో ఆయన మళ్ళీ నా గదికి వచ్చారు. మనిషి సగమయ్యారు. కుడికాలు మాత్రం ముందుకే వేసి నిలబడ్డారు.

"ఈ ఏడు నేను రిటర్ను వేస్తాను బాబూ. పన్ను కడతాను," అన్నారు.

దేని మీదండీ అని అడిగాను. వాళ్ళంతా చదివించిన దాని మీద అన్నారు. ఈ ఏడు ఎవరు చదివించారండీ అంటే, ఎవరూ చదివించకపోయినా చదివించినట్టే రాయమన్నారు. ఆయన ఆలోచన ఇది. తను పూర్తి అంకెకి పన్ను కట్టేస్తే, మైకులో చదివిన మాటలన్నీ నిజమైపోతాయి. వాళ్ళ పరువు నిలబడుతుంది. మిల్లాయన కోపం పోతుంది. మళ్ళీ పిలుస్తారు.

నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఉన్నది దాచడం ఎంత తప్పో లేనిది రాయడమూ అంతే తప్పన్నాను. తిండికి లేక పన్నెక్కణ్ణించి కడతారండీ అని అరిచాను. ఆయన శాంతంగా విన్నారు.

"మా ఆవిడ చేత తక్కువ చెప్పించారు, సరే. ఎక్కువ చెప్పుకోవడానికి కూడా నాకు హక్కు లేదా బాబూ?"

నేను రాయనన్నాను. ఆయన వెళ్ళి ఇంకెవరి చేతో రాయించుకున్నారు. దొడ్డి అమ్మేసి పన్ను కట్టారు. కొన్నవాళ్ళు వచ్చి కంచె వేస్తుంటే గానీ ఆవిడకి తెలియలేదు. బావి కంచె అవతలికి పోయింది. ఆవిడ బిందె పట్టుకుని వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడ్డం మొదలుపెట్టింది. నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. కోపం తగ్గాక ఏడుపొచ్చింది.

బ్యాంకులో కట్టిన చలానా జేబులో పెట్టుకుని ఆయన ఊళ్ళన్నీ తిరిగారు. మిల్లు యజమానికి చూపించారు, మొగల్తూరులో చూపించారు. మీరు చదివించిందంతా ముట్టిందని గవర్నమెంటుకే రాసిచ్చానండీ అని చెప్పుకున్నారు. అందరూ కాఫీలిచ్చారు. అలాగేనండి, చూద్దామండి అన్నారు. ఆ ఏడూ ఎవరూ పిలవలేదు.

మరుసటి సంవత్సరం ఒక పొద్దున్న నా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. దాసుగారు వచ్చారు. పట్టుపంచె, కండువా, నుదుట బొట్టు. మొహంలో ఎన్నాళ్ళుగానో లేని కళ. ఎక్కడో కథ కుదిరిందనుకుని లేచి నిలబడ్డాను. ఆయన ఒక కవరు నా చేతిలో పెట్టారు. ఇన్‌కంటాక్సు ఆఫీసు నుంచి వచ్చింది. కిందటేడు చూపించిన ఆదాయాన్ని బట్టి ఈ ఏడు కూడా అంత వస్తుందని అంచనా వేసి, దాని మీద పన్ను ముందుగానే వాయిదాల్లో కట్టమని నోటీసు. అందరికీ పంపినట్టే ఆయనకీ పంపారు.

దొడ్డి పోయింది, ఇక ఇల్లే మిగిలింది. నెమ్మదిగా కూర్చుని చెప్పాను. భయపడక్కర్లేదండి, దీనికి మందుంది. ఈ ఏడు ఆదాయం రాదని మనం ఓ కాగితం రాసిస్తే చాలు, కట్టక్కర్లేదు. ఆ కాగితం నేనే రాశాను. దాసుగారికి ఈ సంవత్సరం కథలు లేవు, ఉంటాయన్న ఆశ కూడా లేదు, ఆదాయం శూన్యం. రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టమని పెన్ను ఆయన వైపు తిప్పి పట్టుకున్నాను.

ఆయన పెన్ను అందుకోలేదు. నోటీసు మళ్ళీ నా చేతిలోంచి తీసుకుని, మడత పడకుండా రెండు చేతులతోనూ పట్టుకున్నారు. ఈసారి బీరువా వంక చూడలేదు. నా వంకే చూశారు.

"ఈ ఏడు కూడా నేను పాడతాననే కదా బాబూ వాళ్ళు పంపించింది? ఈ జిల్లాల్లో అలా అనుకునేవాళ్ళు వీళ్ళొక్కళ్ళే మిగిలారు. వీళ్ళకి కూడా పాడనని నా చేత్తో రాసిమ్మంటారా?"

నేను పెన్ను మూసేశాను.